వూరా, ఊరా?

ప్రశ్న: పాత పుస్తకం ఒకటి మళ్లీ అచ్చుకి వెళ్తోంది. నిండా వూరు, వొక, యిల్లు, యెందుకు. ప్రూఫులో ఊరు, ఒక, ఇల్లు, ఎందుకు అని దిద్దేయొచ్చా? అసలు పలకడంలో తేడా ఉందా?

జవాబు: పలుకులో కాస్త ఉంది, అర్థంలో లేదు. మాట మొదట ఎ, ఒ అనేటప్పుడు చాలామంది నోట సన్నగా య, వ తగులుతాయి. విన్నది విన్నట్టు రాస్తే యెందుకు, వొక. చిన్నయసూరి బాలవ్యాకరణం మాత్రం యకారమూ, వు వూ వొ వోలూ తెలుగు మాటలకు మొదట లేవంటుంది. వు అనడానికి పెదవులు గుండ్రంగా చుట్టాలి, ఉ అనడానికీ అంతే. కదలికే లేనిచోట చెవికి ఏం దొరుకుతుంది? సీమలో ‘యాడికి’ అంటే య ఖంగున వినపడుతుంది, ఎందుకంటే ఆ వెంటనే నోరు బాగా తెరుచుకుంటుంది.

మరో జవాబు: జపనీస్‌లోనూ ఇదే కథ. య వరుసలో య, యు, యొ మూడే. వ వరుసలో వు లేదు. వి, వె అక్షరాలు పలుకులో ఎప్పుడో ఇ, ఎ అయిపోయాయి, 1946 లిపి సంస్కరణతో రాతలోంచీ పోయాయి. మనం యెన్ అనే డబ్బుని వాళ్లు ‘ఎన్’ అంటారు. వింతంతా ఇంగ్లీషుది: చెవికి ఇయర్, ఏడాదికి యియర్. మనవాళ్ల నోట రెండూ ఒకటే. విడదీయాలంటే నాలుకని ‘ఈ’ అచ్చు పలికే స్థానంలో పెట్టి, అంగిటికి ఇంకాస్త దగ్గరగా నొక్కి వదలాలి. కర్రకి వాడే ‘వుడ్’లో పెదవులు ఊ కన్నా బిగించి వదలాలి. కింది పెదవి పైపళ్లకి తగిలిందా, చెడింది.

ప్రశ్న: మరి ఆవు, చెరువు, చేయి?

జవాబు: నిషేధం మాట మొదటికే. నడుమ రెండు అచ్చులు ఒరుసుకోకుండా య, వ కావాలి. ‘మా ఊరు’ నోట మావూరు అయ్యేది అందుకే. పద్యంలో అయితే నడుమ య చేరి (యడాగమం) మాయూరు.

ఇక ప్రూఫు. రచయిత పుస్తకమంతా వూరు అనే రాస్తే ముట్టుకోకండి, అది ఆయన పద్ధతి. సగం అలా, సగం ఇలా ఉంటేనే ఒకటి చేయండి. ఫైండ్ రీప్లేస్‌లో ఉత్త ‘వు’ ఇచ్చారో, చెరువు కాస్తా చెరుఉ అవుతుంది. వు, వూలను విడివిడిగా, వాటికి ముందు ఒక ఖాళీ చేర్చి వెతకండి. అప్పుడూ కొటేషన్ గుర్తు పక్కనున్న వూరు తప్పించుకుంటుంది, చైనాలోని వుహాన్ ఉహాన్ అయి కూర్చుంటుంది.