గీసిన బొమ్మలో నాట్యం ఉంటుందా?

నాట్య విద్యార్థిని, తిరుపతి:
మా డ్యాన్స్ క్లాసు గోడకు కాళహస్తి కలంకారీ తెర కడదామని టీచర్ అంటున్నారు. నాకు ఇష్టం లేదు. ఆ బొమ్మలో అమ్మాయి నడుము తిరిగినట్టు ఏ మనిషి నడుమూ తిరగదు. మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడే అరమండి కూడా తప్పే. మహతి ఆడిటోరియంలో తీసిన మంచి ఫోటో ఒకటి పెద్దది చేయించి పెడితే ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది కదా. మీరేమంటారు?

కలంకారీ పనివాడు, శ్రీకాళహస్తి:
ఫోటోలో ఒక్క క్షణమే ఉంటుందమ్మా. మా బొమ్మలో పాదం అప్పుడే నేలను తాకి ఉంటుంది, పైట కొంగు ఇంకా అవతలి పక్కకే ఎగురుతుంటుంది, జడ ఇంకా తిరిగి రాలేదు. ముందుదీ వెనకదీ ఒకే బొమ్మలో పెడతాం. నడుము అంత తిప్పేది అందుకే.

ఇంకో సంగతి. వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే కసిమి అనే నల్ల రంగు దిగుతుంది. ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసేది అది. కరక్కాయ, గేదె పాలు పట్టించి ఆరబెట్టిన బట్ట మీద పడగానే గీత నల్లబడుతుంది, చెరపడం కుదరదు. భుజం నుంచి మడమ దాకా చెయ్యి ఆగకుండా రావాలి, ఆగిన చోట మరక పడుతుంది. ఆ గీతలో ఊపు ఉందంటే గీసిన చేతిలో ఉన్నట్టే.

నట్టువాంగం (నాట్యానికి తాళం వేసి నడిపించడం) చేసే ఆవిడ, చిత్తూరు:
గీత సంగతి ఒప్పుకుంటాను. మరి తాళం? నాట్యశాస్త్రంలో కరణం అంటే చేతులు, కాళ్లు కలిసి కదలడం. నిలబడిన భంగిమ కాదు. చిదంబరం గోపురాల్లో 108 కరణాలు చెక్కారు, ఒక్కో శిల్పంలో ఉన్నది ఆ కదలికలో ఒక్క ఘట్టం. అది మొదలో చివరో రాయి చెప్పదు. రామప్ప గుడి శిల్పాలు చూసి నాట్యగురువు నటరాజ రామకృష్ణగారు కాకతీయుల కాలపు పేరిణి నాట్యానికి మళ్లీ ప్రాణం పోశారంటారు, నిజమే. కానీ ఆయన చేతిలో జాయపసేనాని రాసిన నాట్యగ్రంథం నృత్తరత్నావళి కూడా ఉంది. శిల్పం ఒక్కటే అయితే సరిపోయేది కాదు.

కలంకారీ పనివాడు, శ్రీకాళహస్తి:
గ్రంథం ఒక్కటే ఉన్నా సరిపోయేది కాదు కదక్కా. ఆ పుస్తకం 13వ శతాబ్దం నుంచీ ఉంది. ఛాతీ ఎంత విరవాలి, మోకాలు ఎంత లేపాలి అనేది కంటికి చూపించింది రాయే.

నాట్య విద్యార్థిని, తిరుపతి:
మీ ఇద్దరి మాటా బాగుంది. కానీ మా క్లాసులో చిన్నపిల్లలు గోడ మీద ఉన్నది చూసే వంగుతారు. తప్పు అరమండి రోజూ కళ్ల ముందు ఉంటే ఎలా?

కలంకారీ పనివాడు, శ్రీకాళహస్తి:
అది న్యాయమైన మాటే. అరమండి ఎంత ఉండాలో మీ టీచర్‌ను ఒకసారి నిలబడి చూపించమను, అలాగే గీస్తాను. నడుము మాత్రం తగ్గించను.