‘ఎర్త్ పోయింది’, ‘ఎర్త్ అయింది’: రెండూ ఒకటేనా?

నా పాత బైకు హెడ్‌లైటు నాలుగు రోజులుగా సతాయిస్తోంది. చూసిన మెకానిక్ ముందు "ఎర్త్ పోయింది సార్" అన్నాడు, కాసేపటికి ఫోన్లో ఎవరితోనో "లైటు ఎర్త్ అయింది రా" అంటున్నాడు. పోవడం, అవడం ఎదురెదురు మాటలు కదా? పైగా "నా ఉద్యోగానికి ఎర్త్ పెట్టాడు" అని మూడోది ఉండనే ఉంది. ఇవన్నీ ఒకే ఎర్తా? దీనికి మంచి తెలుగు మాట ఏమైనా ఉందా?

—

భూసంధానం అనొచ్చు కదండీ.

—

బైకుకి భూమితో సంధానం ఎక్కడుందండీ, మధ్యలో రెండు రబ్బరు టైర్లు పెట్టుకుని. ఇంగ్లీషు మాటే అక్కడ తప్పుదారి, దాన్ని మళ్ళీ సంస్కృతంలోకి మార్చి ఇంకో అడుగు లోపలికి పోవడం దేనికి, ఎర్త్ అంటే అందరికీ తెలుస్తోందిగా.

—

అన్నా, అవి రెండూ వేరు వేరు జబ్బులు. కరెంటు బల్బు దాకా వైర్లో పోతుంది, తిరిగొచ్చేది మాత్రం చాలావరకు ఛాసిస్, అంటే బండి ఇనుప బాడీ మీదుగానే, ఆ తిరుగుదారినే షెడ్లో ఎర్త్ అంటారు. ‘ఎర్త్ పోయింది’ అంటే ఆ దారి తెగింది, లేదా సగం మూసుకుపోయింది. లైటు గుడ్డిగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే దాంతోపాటు ఇదీ మిణుకు మిణుకుమంటుంది, ఫ్యూజు మాత్రం చెక్కుచెదరదు. ‘ఎర్త్ అయింది’ అంటే వైరు తొడుగు ఊడి లోపలి రాగి బాడీకి తగిలింది, కరెంటు బల్బు మొహం చూడకుండానే అడ్డదారిన ఇంటికొచ్చేసింది, ఫ్యూజు ఠపీమని కొట్టేస్తుంది. హ్యాండిల్ ఎడమకి తిప్పితే బాగుండి కుడికి తిప్పితే పోతోందంటే మెడ దగ్గర వైర్లు ఒరుసుకునే చోటే చూడాలి. అక్కడ వెతకడం మానేసి 10 ఆంపియర్ల ఫ్యూజు బదులు 20ది పెట్టేసే మహానుభావులుంటారు, అప్పుడు కాలేది ఫ్యూజు కాదు, వైరింగు. మీ మెకానిక్ రెండూ కలిపేశాడంటే నోటి అలవాటే అనుకుంటా, చేత్తో మాత్రం సరిగ్గానే పట్టుకుంటాడు.

‘ఎర్త్ పెట్టడం’ ఈ రెండోదాని పిల్లే అని నా అనుమానం, మనకి చేరాల్సింది మధ్యలోనే నేలపాలు చెయ్యడం.

మీదేదో తేల్చుకోవాలంటే లైటు వేసి, బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ నెగటివ్‌కి ఒక వైరు ముక్క తగిలించండి. వెలుగు ఒక్కసారి పెరిగితే ఎర్త్ పోయినట్టే. 6 వోల్టుల బండైతే ఈ జబ్బు ఇంకా ముదురు, ఎందుకంటే 35 వాట్ల బల్బు 12 వోల్టుల్లో సుమారు 3 ఆంపియర్లు తాగితే 6 వోల్టుల్లో 6 తాగుతుంది, అదే పాడు అతుకు దగ్గర రెట్టింపు వోల్టులు పోతాయి, అసలున్నవే సగం.

—

ఒక చిన్న సవరణ. ఎర్త్ అంటే ఎప్పుడూ నెగటివే అనుకోవద్దు. ట్రయంఫ్, బీఎస్ఏ లాంటి పాత బ్రిటిష్ బళ్ళు చాలావాటిలో బాడీకి కలిపేది పాజిటివ్. ఎర్త్ అన్న మాట మనకిచ్చింది కూడా వాళ్ళ ఇంగ్లీషే, అమెరికా వాళ్ళు గ్రౌండ్ అంటారు.

—

నాది 12 వోల్టులే, నెగటివే. ఇంకో వింత చెప్తా, డిమ్‌లో పెడితే హెడ్‌లైటు అసలు వెలగట్లేదు కానీ మీటర్లో హై బీమ్ నీలం లైటు సన్నగా వెలుగుతోంది!

—

అబ్బ, అది ‘పోయింది’కి అచ్చమైన గుర్తు. బల్బులో డిమ్‌కీ హైకీ వేర్వేరు ఫిలమెంట్లు (వెలిగే తీగలు), రెండూ కలిసేది ఎర్త్ పిన్ను దగ్గరే. అక్కడ దారి లేక డిమ్ ఫిలమెంట్లోకి వచ్చిన కరెంటు హై ఫిలమెంట్లో వెనక్కి నడిచి, మీటర్లో ఆ బుల్లి బల్బు గుండా బాడీకి చేరుతోంది. వోల్టులన్నీ దాదాపు ఆ బుల్లిదే తినేస్తుంది, అందుకే పెద్ద బల్బు కిమ్మనదు. హెడ్‌లైటు డూమ్ విప్పి ఎర్త్ వైరు ఎక్కడ బిగించారో చూడండి.

—

దొరికింది! స్క్రూ కింద పెయింటు, వైరు కొసన ఉన్న రింగు నిండా పచ్చటి తుప్పు, రెండూ గీకి బిగించాను, వెలుగు మళ్ళీ వచ్చింది. ఇంట్లో ఏమైందని అడిగితే "ఎర్త్ వచ్చింది" అన్నాను, ఈ వాడుక ఉందా?

—

ఉంది, కరెంటొచ్చింది అనట్లేదా. కానీ పచ్చగా ఉన్నది తుప్పు కాదండీ, చిలుము. తుప్పు ఇనుముకి, చిలుము రాగికీ ఇత్తడికీ. కొందరు కిలుము అని కూడా అంటారు.