ఎమర్జెన్సీ స్టాప్‌కి ల్యాడర్‌లో ఎన్‌ఓనా, ఎన్‌సీనా?

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లు కన్వేయర్, సీమెన్స్ ఎస్7-1200 పీఎల్‌సీ (మెషిన్‌ని ప్రోగ్రామ్‌తో నడిపే కంట్రోలర్). ఎమర్జెన్సీ బటన్ ఎన్‌సీ (నొక్కనప్పుడు కలిసి ఉండే కాంటాక్ట్), ల్యాడర్‌లోనూ (పీఎల్‌సీ ప్రోగ్రామ్) ఎన్‌సీయే ఉంది. బటన్ నొక్కి ఉంచితేనే మోటార్ స్టార్ట్ అవుతోంది! ఎందుకన్నా?

రిప్లై: నొక్కనప్పుడు ఇన్‌పుట్‌కి 24 వోల్టులు వస్తూనే ఉంటాయి, అంటే బిట్ 1. ల్యాడర్‌లో ఎన్‌సీ బిట్ 0 అయితేనే దారిస్తుంది, అందుకే నొక్కితేనే స్టార్ట్. అక్కడ ఎన్‌ఓ (బిట్ 1 అయితే దారిచ్చేది) పెట్టు తమ్ముడూ.

ఇంకొకరు: బటన్‌కే ఎన్‌ఓ బ్లాక్ (నొక్కితేనే కలిసే కాంటాక్ట్) వేస్తే పోలా?

రిప్లై: పోదు! అప్పుడు వైరు ఎలుక కొరికితే నొక్కినా ఆగదు, మిల్లులో ఎలుకలకి కరువా? ఎన్‌సీ అయితే వైరు తెగగానే మోటార్ ఆగుతుంది. అసలు మామూలు పీఎల్‌సీ ఒక్కదాన్నే నమ్మొద్దు. దాని అవుట్‌పుట్ రిలే (కరెంట్‌తో పనిచేసే స్విచ్) ఆన్‌లోనే అతుక్కుపోతే ప్రోగ్రామ్ ఏం చేస్తుంది? బటన్‌ని సేఫ్టీ రిలేకి (ఎమర్జెన్సీలో ఆపడానికే ఉన్న ప్రత్యేక రిలే) ఇచ్చి, కాంటాక్టర్ (మోటార్‌కి కరెంట్ ఇచ్చే పెద్ద స్విచ్) కాయిల్ సప్లై అక్కడే కట్ అయ్యేలా చెయ్యి. బటన్ తిప్పి వదలగానే మోటార్ తిరగకూడదు, స్టార్ట్ మళ్లీ నొక్కాలి.

ప్రశ్న అడిగినవారు: సరే అన్నా. మెయిన్ ఆఫ్ చేసి, తాళం వేసుకుని మారుస్తా.