‘కిస్ ఆఫ్ డెత్’ (1947): సినిమాను నిలబెట్టింది కథా, టామీ ఊడోనా?

సాగరతీరం (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం):
హెన్రీ హాథవే దర్శకత్వం వహించిన ఈ చిత్రాన్ని మొన్న రాత్రి మొదటిసారి చూశాను. నగల దుకాణం దోపిడీలో పట్టుబడి, తోటివాళ్ల పేర్లు చెప్పకుండా జైలుకు వెళ్లిన నిక్ బియాంకో (విక్టర్ మెచ్యూర్), భార్య చనిపోయిందని తెలిశాక పిల్లల కోసం మనసు మార్చుకుని పోలీసుల పక్షాన సాక్ష్యం చెప్పడం కథ. ఇంతవరకు మామూలుగానే ఉంది. అయితే రిచర్డ్ విడ్‌మార్క్ పోషించిన టామీ ఊడో, చక్రాల కుర్చీలో ఉన్న ముసలామెను తీగతో కుర్చీకి కట్టేసి, మెట్ల మీది నుంచి తోసేసి నవ్వే దృశ్యం మాత్రం నన్ను వదలడం లేదు. మా భవనానికి లిఫ్ట్ లేదు; మర్నాడు పొద్దున్న పాల ప్యాకెట్ కోసం మెట్లు దిగుతూ, ఎప్పుడూ ముట్టుకోని రెయిలింగ్‌ను గట్టిగా పట్టుకున్నాను. ఊడోను తీసేస్తే ఈ సినిమాలో మిగిలేదేమిటో పెద్దలు చెప్పగలరా?

పాతరీలు (మహారాణిపేట):
చాలానే మిగులుతుందండీ. దోపిడీ తరువాత దొంగలు లిఫ్ట్‌లో దిగే ఘట్టాన్ని మరోసారి చూడండి. పైన కట్టేసి ఉన్న దుకాణదారుడు అలారం వైపు పాక్కుంటూ వెళుతుండగా, లిఫ్ట్ అంతస్తు అంతస్తుకూ ఆగి జనాన్ని ఎక్కించుకుంటూ ఉంటుంది. ఆ ఉత్కంఠలో ఊడోకు భాగమే లేదు. స్టూడియో సెట్లకు బదులు న్యూయార్క్ వీధుల్లో, నిజమైన భవనాల్లో చిత్రీకరించడం వల్ల వచ్చిన బలం అది. జైలు నుంచి వచ్చాక మళ్లీ పెళ్లి చేసుకున్న నిక్ కొత్త సంసారపు సన్నివేశాలు చప్పగా ఉన్నాయని మాత్రం ఒప్పుకుంటాను.

ఇక విడ్‌మార్క్ సంగతి. ఇది ఆయన తొలి చిత్రం. దీనికే ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. హాథవేకు ఆయన మొదట నచ్చకపోయినా, స్టూడియో అధిపతి డారిల్ జానక్ పట్టుబట్టి తీసుకున్నారు. అంతకుముందు విడ్‌మార్క్ ఏళ్ల తరబడి రేడియో నాటకాల్లో నటించారు. ఆ నవ్వును కళ్లు మూసుకుని వినండి, ముఖం కనిపించకపోయినా మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

ఉప్పుగాలి (గాజువాక):
నవ్వే విలన్ మనకు కొత్త కాదు. ‘ముత్యాల ముగ్గు’ (1975)లో రావు గోపాలరావు గారి కాంట్రాక్టరు ఎంత తాపీగా, ఎంత ముచ్చటగా మాట్లాడుతూ దుర్మార్గం చేయిస్తాడో తెలిసిందే. కానీ ఆ కాంట్రాక్టరుకు ఒక లెక్క ఉంది, డబ్బు చేతికి వస్తే వాడు ఆగుతాడని మనకు తెలుసు. ఊడో ఆ ముసలామెను తోసినందువల్ల వాడికి దమ్మిడీ లాభం లేదు, వెతుకుతున్న ఆమె కొడుకు దొరకనూ లేదు. బేరానికి లొంగనివాడు కాబట్టే వాడంటే గుండె దడ.

పాతరీలు గారి మాటకు ఒక సవరణ. ఊడో తెర మీద లేనప్పుడు కూడా కథను నడిపేది వాడే. తను సాక్ష్యం చెప్పినా కోర్టు ఊడోను వదిలేసిందని తెలిశాక, నిక్ భార్యాపిల్లలను ఊరు దాటించి, చీకటి ఇంట్లో ఒంటరిగా కూర్చుంటాడు చూడండి, ఆ కాసేపూ ఊడో ఎక్కడా కనిపించడు. నాకు మెట్ల దృశ్యం కన్నా అదే ఎక్కువ భయం కలిగించింది.

సాగరతీరం:
ఉప్పుగాలి గారూ, మీరు చెప్పాక రాత్రి ఆ ఘట్టం ఒక్కటే మళ్లీ చూశాను. బయట కారు చప్పుడు వినబడగానే నిక్‌తో పాటు నేనూ కిటికీ వైపు తిరిగాను, మా ఇంటి కిటికీ వైపు. లిఫ్ట్ ఘట్టం విషయంలో మాత్రం పాతరీలు గారిదే పైచేయి.