ఈవీడీ సిమ్యులేటర్: ఫస్ట్ ఇయర్ రెసిడెంట్లకు ఎలాంటి మోడల్, మార్కులు ఎలా వేయాలి?

బర్‌హోల్: ఫస్ట్ ఇయర్ న్యూరోసర్జరీ రెసిడెంట్లకు వెంట్రిక్యులర్ డ్రెయిన్ (ఈవీడీ: మెదడులోని ద్రవపు గదిలోకి, అంటే వెంట్రికల్‌లోకి, కాథెటర్ అనే సన్న గొట్టం దించి ద్రవాన్ని బయటికి తీయడం) నేర్పడానికి మోడల్ కట్టాం. త్రీడీ ప్రింట్ చేసిన పీఎల్ఏ ప్లాస్టిక్ పుర్రె, లోపల అగరోజ్ జెల్, అందులో రంగునీళ్ల బెలూన్. డ్రిల్ పెడితే ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటోంది. కాథెటర్ బెలూన్‌లోకి దిగేటప్పుడు ‘టప్’మని పెద్దగా తెలుస్తోంది, అసలు మెదడులో అంత ఉండదు కదా. ఇంకో సంగతి, నాలుగో ఐదో పాస్ (కాథెటర్‌ని ఒకసారి దించడం) దాటాక ఎవరు చేసినా సరిగ్గా వెంట్రికల్‌లోకే పోతోంది. అది చేతి నేర్పేనా? వీటన్నిటికీ విసిగి వీఆర్ (వర్చువల్ రియాలిటీ) మెషిన్ కొనేద్దామంటున్నారు డిపార్ట్‌మెంట్‌లో.

మూడోవెంట్రికల్: చివరిది ముందు చెప్తాను. అది నేర్పు కాదండి, పాత దారి. జెల్‌లో ఒకసారి కాథెటర్ వెళ్తే ఆ సొరంగం పూడదు, తర్వాతి కాథెటర్ అందులోకే జారిపోతుంది. ఒక్కో రెసిడెంట్‌కి కొత్త జెల్ ముక్క పెట్టండి, వెంట్రికల్ కుహరాన్ని ప్రతిసారీ నాలుగైదు మిల్లీమీటర్లు అటో ఇటో జరపండి. మిడ్‌లైన్ షిఫ్ట్ (మెదడు మధ్యరేఖ పక్కకు జరిగిన) కేసు, సన్నటి వెంట్రికల్ కేసు కూడా అలాగే తయారవుతాయి.

బెలూన్ తీసేయండి. వెంట్రికల్ ఆకారంలో సిలికోన్ అచ్చు పెట్టి, 100 మి.లీ. నీటికి 0.6 గ్రాముల అగరోజ్ చొప్పున మరిగించి, 50 డిగ్రీలకు చల్లారాక నురగ లేకుండా పోయండి. అంతకంటే వేడిగా పోస్తే పీఎల్ఏ పుర్రే మెత్తబడుతుంది. జెల్‌ని పై ముక్క, కింది ముక్కగా అడ్డంగా పోసుకుంటే అచ్చు తీయడం తేలిక, కాథెటర్ దారి కూడా పై ముక్కలోనే ఉంటుంది, అతుకు తగలదు. కుహరానికి సన్న ట్యూబు కలిపి సెలైన్ సీసాను 15 సెం.మీ. ఎత్తున వేలాడదీస్తే 15 సెం.మీ. నీటి పీడనం వచ్చేస్తుంది.

పీఎల్ఏ దాదాపు 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, డ్రిల్ రాపిడికి అది చాలు. పుర్రె మొత్తం మార్చనక్కర్లేదు. కోచర్స్ పాయింట్ (రంధ్రం పెట్టే చోటు) చుట్టూ 5 సెం.మీ. మేర కోసి, అక్కడ గట్టి పాలీయురెథేన్ ఫోమ్ ఎముక ముక్క బిగించండి. లోపలి వైపు పల్చటి లేటెక్స్ అంటిస్తే డ్యూరా (మెదడు పైపొర) అవుతుంది. పైన సిలికోన్ స్కాల్ప్ (తల చర్మం) తప్పనిసరి. లేకపోతే అతికించిన ముక్క అంచే ‘ఇక్కడ తవ్వు’ అని చూపిస్తుంది, కొలవాల్సిన పని ఉండదు!

టన్నెలర్: పైవారి మోడల్ బాగుంది. నా అభ్యంతరం వేరే. అందరూ సీఎస్ఎఫ్ (మెదడు ద్రవం) చుక్క కనబడగానే చప్పట్లు కొట్టి ఆపేస్తారు. వార్డులో డ్రెయిన్ చెడేది చాలాసార్లు ఆ తర్వాతే. టన్నెల్ చేసి (చర్మం కింద నుంచి కాస్త దూరంలో బయటికి) లాగేటప్పుడు కాథెటర్ ఒక సెంటీమీటరు బయటికి వచ్చేస్తుంది, కుట్టు బిగిస్తే నలిగి మూసుకుపోతుంది. కాబట్టి కనెక్షన్ దాకా చేయించండి.

మార్కుల షీట్‌లో నేను చూసేవి: నేజియన్ (ముక్కు మొదలు) నుంచి వెనక్కి 11 సెం.మీ., మధ్యరేఖ నుంచి పక్కకు 3 సెం.మీ. స్కేలుతో కొలిచారా, కంటి అంచనాతో పోనిచ్చారా? డ్రిల్ పుర్రెకు నిలువుగా ఉందా? ఇది అన్నిటికంటే ముఖ్యం. ట్విస్ట్ డ్రిల్ రంధ్రం ఇరుకు, అది వాలితే కాథెటర్ కూడా వాలుగానే పోతుంది, తర్వాత చేయి ఎంత తిప్పినా ఎముక ఒప్పుకోదు. డ్యూరాను సరిగా తెరిచారా? తెరవకుండా నెడితే అది ఎముక నుంచి ఊడి ఆ రెంటి మధ్య (ఎపిడ్యూరల్) రక్తం చేరుతుంది. దిశ: ముందు నుంచి చూస్తే అదే వైపు కంటి లోపలి మూల, పక్క నుంచి చూస్తే ట్రాగస్ (చెవి రంధ్రం ముందుండే చిన్న మిట్ట). 5 సెం.మీ. దగ్గర సీఎస్ఎఫ్ వచ్చాక స్టైలెట్ (కాథెటర్ లోపలి గట్టి తీగ) తీసి, కాథెటర్ ఒక్కటే ఇంకో సెంటీమీటరు. రాలేదని 7 దాటి నెడితే సున్నా. మూడు పాస్‌లు తప్పితే ‘సీనియర్‌ని పిలుస్తాను’ అనాలి, అనకపోతే ఫెయిల్. టన్నెల్ తర్వాత ఎముక దగ్గర లోతు గుర్తు మళ్లీ చదవాలి. చివరగా ట్రాన్స్‌డ్యూసర్ (పీడనం కొలిచే పరికరం) జీరో ట్రాగస్ మట్టానికి.

టైమ్‌కి మార్కులు వద్దు. పెడితే కొలవడం మానేస్తారు.

బర్‌హోల్: దారి సంగతి తట్టనేలేదు, థ్యాంక్స్ అండి. కొన ఎక్కడ ఆగిందో ఎలా గ్రేడ్ చేయాలి? వీఆర్ మాటేమిటి?

మూడోవెంట్రికల్: కాకర్ల గ్రేడింగ్ చాలు. అదే వైపు ఫ్రంటల్ హార్న్ (వెంట్రికల్ ముందు కొమ్ము) లేదా మూడో వెంట్రికల్ అయితే 1. అవతలి వెంట్రికల్, లేదా ముఖ్యంకాని మెదడు భాగం అయితే 2. మాట, కదలిక లాంటివి నడిపే ముఖ్యమైన భాగంలో దిగితే 3. కాథెటర్ అలాగే ఉంచి పై ముక్క ఎత్తి చూస్తే సరి, సీటీ అక్కర్లేదు.

వీఆర్ ఈ పనికి కొనొద్దు. ఎముక తవ్వడం, టన్నెల్, కుట్టు దాని బలం కాదు. న్యూరోవీఆర్ లాంటివి ట్యూమర్ తీయడానికి పనికొస్తాయి. ఆస్పిరేటర్‌తో (కణితిని పీల్చి తీసే పరికరం) ఎంత బలం పెట్టారు, ఎంత తీశారు, పక్క మెదడు ఎంత పోయింది, రక్తం ఎంత, ఇవన్నీ అంకెల్లో ఇస్తుంది. జెల్ ఆ లెక్కలు చెప్పలేదు. సెకండ్ ఇయర్‌కి ఆలోచించండి.

టన్నెలర్: ఒకే రోజు పది పాస్‌లు చేయించకుండా వారానికి రెండు మూడు చొప్పున పంచండి. వరసగా రెండు సెషన్లలో గ్రేడ్ 1, షీట్‌లో ఒక్క తప్పూ లేకుండా వస్తేనే పేషెంట్ దగ్గరికి, అదీ సీనియర్ పక్కన ఉండగా. జెల్ మాత్రం ముందురోజు పోసి మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మూత లేకపోతే ఎండి కుంచించుకుపోతుంది, మీరు కొలిచిన లోతులన్నీ తప్పుతాయి.