ఒకరి మీదికి నలుగురు: ఐకిడో ప్రదర్శనల్లో చూసేది నిజమైన దాడేనా?

తెనాలి_హకమా
జపాన్ యుద్ధకళ ఐకిడోలో ఒక్కరి మీదికి చాలామంది వచ్చే తనింజుగాకెలో నా లెక్కన చూసి తీరాల్సినవి రెండు. 1935లో ఒసాకాలో అసాహి పత్రిక వాళ్లు తీసిన, ఐకిడో స్థాపకుడు మోరిహెయ్ ఉయెషిబా ఫిల్మ్ ఒకటి. ఆయన శిష్యుడు గోజో షియోదా ప్రదర్శనలు రెండోది. షియోదా బాగా పొట్టి మనిషి. ఉరికొచ్చేవాడికి తనే ఎదురెళ్లి భుజం తాకిస్తాడు, వాడు వెనక్కి వెళ్లి పడతాడు. మీకు నచ్చినవి చెప్పండి.

రింగ్‌సైడ్_రాజు
బాక్సింగ్ చేసేవాడిని. ఆ 1935 ఫిల్మ్ మళ్లీ చూశాను. ఒకడు పడేదాకా రెండోవాడు ఆగుతున్నాడు. ఇదేం దాడి?

తెనాలి_హకమా
వాళ్లు ఆగడం కాదండీ, ఆగేలా చేయడం. మధ్యలో నిలబడ్డామా, పని అయిపోయినట్టే. అంచున ఉన్నవాడి వైపు మనమే ముందు కదలాలి. వాడి బయటి పక్కకు దాటి తిప్పితే వాడి ఒళ్లే మిగతావాళ్లకు అడ్డు. అందరూ ఒక వరసలో పడతారు. ఎవరినీ పట్టుకుని కూర్చోకూడదు, విసిరి వదిలేసి తర్వాతివాడి వైపు తిరగాలి. ఐకిడో ప్రధాన సంస్థ ఐకికాయ్‌లో రెండో డాన్‌కు (బ్లాక్ బెల్ట్ స్థాయి) ఇద్దరితో, మూడో డాన్‌కు అంతకంటే ఎక్కువమందితో పరీక్ష పెట్టేది ఇది చూడటానికే.

రింగ్‌సైడ్_రాజు
సరే, ముందువాడు అడ్డొచ్చాడు. వీపు వెనకున్నవాడికి ఏం అడ్డు? చేయి చాస్తే అందే దూరంలో ఉండి కదలడేం?

గోదారి_గాలి
టోక్యోలోని నిప్పన్ బుడోకాన్ హాల్లో ఏటా మేలో జరిగే ఐకిడో కార్యక్రమం కూడా ప్రదర్శనే. కళ చూపించడానికి, ఎవరు గొప్పో తేల్చడానికి కాదు.

రింగ్‌సైడ్_రాజు
నేనన్నదీ అదే కదా.

తెనాలి_హకమా
మీరన్నది అది కాదు. మోసం అంటున్నారు. 1962లో అమెరికా అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ షియోదా డోజోకి (శిక్షణశాలకి) వచ్చినప్పుడు ఆయన అంగరక్షకుడినే షియోదా నేలకు అదిమిపెట్టాడు. పడమంటే పడటానికి అతనేమైనా శిష్యుడా?

రింగ్‌సైడ్_రాజు
అక్కడ వచ్చింది ఒక్కడే. మనం మాట్లాడేది నలుగురి గురించి.

జూడో_జ్యోతి
ఉయెషిబా శిష్యుడు కెంజి తొమికి జపాన్‌లోని వసేదా యూనివర్సిటీలో ఐకిడోకి పోటీలు తెచ్చింది ఎదిరించేవాడు కూడా ఉండాలనే. ఉయెషిబాకి అది నచ్చలేదు.

విశాఖ_ఉకె
నేను పడేవాళ్ల వైపు మనిషిని, అంటే దాడికి వచ్చి పడే ఉకెని. ఒక ప్రదర్శనలో మా సెన్సెయ్‌కి నా మీద పట్టు కుదరలేదు. నా బ్యాలెన్స్ పోలేదు, కాబట్టి నిలబడే ఉన్నాను. ఆయన మళ్లీ మొరటుగా లాగి విసిరాడు. రోల్ అయ్యే సందు లేదు. భుజం నేలకు కొట్టుకుని కాలర్‌బోన్ విరిగింది. కట్టుతో డోజోకి వెళ్తే, 'అందరి ముందూ పరువు తీశావు' అన్నాడు. మళ్లీ ఏ ప్రదర్శనకూ పిలవలేదు.

తెనాలి_హకమా
మీ గురువు సరైనవాడు కాకపోతే తప్పు కళదా? ఒక్క డోజోని చూసి ఉయెషిబానే తీసిపారేస్తారా?

విశాఖ_ఉకె
ఉయెషిబా పేరు నేనెత్తానా? చదివి జవాబివ్వండి సార్!

రింగ్‌సైడ్_రాజు
చూశారా, నేను మొదటి నుంచీ చెప్తున్నదే.

విశాఖ_ఉకె
రాజుగారూ, మీరు చెప్పిందీ ఇది కాదు. ఒకరి తర్వాత ఒకరు రావడం మీద నాకు అభ్యంతరం లేదు. నలుగురం ఒకేసారి మీద పడితే ఎవరి మెడో విరుగుతుంది. వేగం తగ్గించుకుంటాం, వరస పాటిస్తాం, ఇష్టపడే పాటిస్తాం. నేనడిగేది ఒక్కటే. టెక్నిక్ పడనప్పుడు నిలబడే హక్కు ఉకెకి ఉందా, లేదా?

తెనాలి_హకమా
డోజోలో ఉంది. జనం ముందు లేదు. 'అదంతా డ్రామా' అని చుట్టాల దగ్గర్నుంచి అందరూ అంటుంటే భరిస్తూనే ఇన్నేళ్లూ పిల్లలకు నేర్పుతున్నాను. మీలాంటివారొకరు స్టేజీ మీద నిలబడిపోతే వాళ్లందరూ అదే పట్టుకుంటారు.

విశాఖ_ఉకె
అంటే మీ చుట్టాల నోరు మూయించడానికి నేను పడాలి. ఆ మాట మొదట్లోనే అనాల్సింది. నేను పడను.

జూడో_జ్యోతి
ఇద్దరూ కాస్త ఆగండి. ఉకె నిలబడిపోయిన వీడియో ఎవరి దగ్గరైనా ఉందా? నేను ఇంతవరకూ ఒక్కటీ చూడలేదు.

తెనాలి_హకమా
నా దగ్గర ఉంది. మా శిష్యుడు ఒకడి మూడో డాన్ పరీక్షది. ఉకె కదల్లేదు. మావాడు అతన్ని వదిలేసి పక్కకు జరిగి, వెనక వస్తున్నవాడిని అతని మీదికే తోశాడు. జనం ఎదురుగానే జరిగింది. వాళ్లను అడిగి పెడతాను.

విశాఖ_ఉకె
పెట్టండి. ఆ ఉకెని పరీక్ష తర్వాత ఏమన్నారో కూడా రాయండి.