బరంపురం వస్తున్నవాళ్లకి: ఎవరితో ‘తుమే’, ఎవరితో ‘ఆపణ’

కొత్తగా వస్తున్నవారు: అందరికీ నమస్కారం. బ్యాంకు ఉద్యోగం, గుంటూరు నుంచి ఒడిశాలోని బరంపురం బదిలీ అయింది. వచ్చే నెల పిల్లలతో వస్తున్నాం. తెలుగువాళ్లు ఎక్కువుండే పేటలు ఏవి? అద్దెకి అడ్వాన్సు ఎంత అడుగుతారు? మాకు ఒడియా రాదు, తెలుగూ హిందీతో సరిపోతుందా?

పెద్దబజారు పాతకాపు: సరిపోతుంది. బజారులో తెలుగు అర్థం కానివాళ్లు తక్కువ. ఇల్లు కూడా దొరుకుతుంది, దానికి బెంగ వద్దు. వచ్చేలోపు నేర్చుకోవలసింది వేరే ఉంది: ఒడియాలో మర్యాద ఎక్కడ ఉంటుందో. మనకి ‘గారు’, ‘అండి’ తగిలిస్తే పని అయిపోతుంది. వాళ్లకి క్రియ చివర చూపించాలి. మూడు మెట్లు: తు (బాగా చనువున్న ‘నువ్వు’), తుమే (మామూలు ‘నువ్వు’), ఆపణ (‘మీరు’). ‘రా’ అనడానికి తు అయితే ‘ఆ’, తుమే అయితే ‘ఆస’, ఆపణ అయితే ‘ఆసంతు’. ‘ఇవ్వు’ అయితే దే, దిఅ, దిఅంతు. జరగబోయేదానికి, అంటే ‘చేస్తావు’, ‘చేస్తారు’ అనడానికి, కరిబు, కరిబ, కరిబే. కొత్తవాళ్లు ‘ఆపణ’ అని మొదలుపెట్టి ‘దిఅ’ అని ముగిస్తారు. నోట్లో మీరు, చేతిలో నువ్వు అన్నట్టుంటుంది. ముందుగా ఈ ఎనిమిదీ నోటికి రానివ్వండి: ఆసంతు (రండి), బసంతు (కూర్చోండి), దిఅంతు (ఇవ్వండి), నిఅంతు (తీసుకోండి), కుహంతు (చెప్పండి), శుణంతు (వినండి), దేఖంతు (చూడండి), రుహంతు (ఆగండి). ఎదుటివాడు ఏ మెట్టో తేలకపోతే ‘ఆపణ’ కూడా అనక్కర్లేదు, క్రియ ఒక్కటే చాలు. బ్యాంకు కౌంటరు దగ్గర ‘ఎఠి దస్తఖత కరంతు’ (ఇక్కడ సంతకం చేయండి), ‘టికే రుహంతు’ (కొంచెం ఆగండి) అంటే కలెక్టరుకీ సరిపోతుంది, పింఛను ముసలాయనకీ సరిపోతుంది.

గుణుపురం మాస్టారు: ‘దయాకరి’ (దయచేసి) కూడా చేర్చండి. ‘దయాకరి బసంతు’. అదే పద్ధతి.

పెద్దబజారు పాతకాపు: వద్దు మాస్టారూ. ‘దయాకరి’ స్టేషన్లో మైకులోనూ అర్జీలోనూ బాగుంటుంది. ఎదురుగా నిలబడి అంటే బిగుసుకున్నట్టుంటుంది. మాట మెత్తబడాలంటే ‘టికే’ చాలు. ఒప్పుకున్నట్టు చెప్పాలంటే ‘హఁ ఆజ్ఞా’ (అవునండి). ఉట్టి ‘హఉ’ (సరే) తోటివాళ్లతో అనాలి, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసులో కాదు.

రాయగడ నుంచి: అందరూ ‘మీరు’ గురించే చెబుతున్నారు. అసలు చిక్కు అక్కడ లేని మనిషి గురించి మాట్లాడేటప్పుడు వస్తుంది. మా వీధిలో ఒక కొత్త కుటుంబం అద్దెకి దిగింది. ఇంటి ఓనరు పెద్దవయసువాడు, రిటైరయ్యాడు. అద్దెకి దిగిన అబ్బాయి ఒడియా నేర్చుకున్నది పచారీ కొట్టు కుర్రాడి దగ్గర. ఆ కుర్రాడు వాడేదంతా తు మెట్టే. మోటారు పాడైతే పై అంతస్తుకెళ్లి ఇంటావిడని ‘బాబు అఛి కి?’ అని అడిగేవాడు. తెలుగులో ‘మీ ఆయన ఉన్నాడా’ అన్నట్టే. ‘అఛంతి కి’ అనాలి. ఆవిడ ముఖం ముడుచుకునేది, ఇతనికి తెలిసేది కాదు. నీళ్ల బిల్లు పంచుకునే దగ్గర ఓనరునే ‘తు దే’ (నువ్వియ్యి) అన్నాడు, అదీ ఆయన అల్లుడి ముందర. నోరు జారిందని ఎవరూ అనుకోలేదు. బిల్లు ఎగ్గొట్టడానికి దబాయిస్తున్నాడనుకున్నారు. రెండు నెలల్లో ఖాళీ చేయమన్నారు, సున్నం ఖర్చని అడ్వాన్సులో కోత పెట్టారు. తెలుగు తెలిసిన పక్కింటి పెద్దాయన కూర్చోబెట్టి మాట్లాడాక కోత తగ్గింది, ఇల్లు మాత్రం పోయింది. ఎదుటే ఉన్నవాళ్లతో తప్పితే వెంటనే దిద్దుకోవచ్చు. లేనివాళ్ల గురించి తప్పితే మీకు ఎవరూ చెప్పరు. మీ ఇంట్లోవాళ్ల సంగతీ అంతే. ‘మా నాన్న వస్తున్నాడు’ అని మనం చనువుగా అంటాం. ఒడియాలో మాత్రం ‘బాపా ఆసుఛంతి’ అనండి, ‘ఆసుఛి’ అనొద్దు.

పర్లాకిమిడి అప్ప: అతి మర్యాదా తేడా చేస్తుంది. ఆటోవాడితో, కూరగాయలామెతో ‘భాఇ’ (అన్నా), ‘మాఉసీ’ (పిన్నీ) అని తుమే వాడితే ఇంపుగా ఉంటుంది. ఇంట్లో పనిచేసే ఆవిడతో తప్పకుండా తుమే, తు వద్దే వద్దు. వెనక వాడేవారు, ఇప్పుడు మనసు నొచ్చుకుంటారు. తు అనేది పసిపిల్లలకీ ప్రాణస్నేహితులకీ దేవుడికీ. పెద్దవాళ్లు మిమ్మల్ని తుమే అన్నా మీరు ఆపణలోనే ఉండండి. తోటి ఉద్యోగి తనంతట తాను ‘తుమే కుహ’ (తుమే అనే అను) అన్నాకే దిగండి, ముందు మీరు దిగొద్దు.

ఇంకో సంగతి. ఇక్కడి తెలుగు మీకు కొత్తగా ఉంటుంది. ‘ఏటి కావాల బావూ, నువ్వు చూసి తీసుకో’ అంటే అది అమర్యాద కాదు, ఆదరణ. ఉత్తరాంధ్రలో ఎలాగో గంజాం, గజపతి జిల్లాల్లోనూ అలాగే. మీరు ముక్కముక్కకీ ‘అండి’ అంటే ఆఫీసరొచ్చాడనుకుని దూరంగా కూర్చుంటారు.

గుణుపురం మాస్టారు: అప్పా, పిల్లలు పాడవుతారు. స్కూల్లో ఒడియా, వీధిలో ఏకవచనం తెలుగు అయితే ‘గారు’ అన్నది వాళ్ల నోట పలకదు. ఇంట్లో శుభ్రమైన తెలుగే మాట్లాడాలి.

పర్లాకిమిడి అప్ప: గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఈ మాట వింటున్నాను. ఆయన జీవితమంతా వాడుక భాష కోసమే పోరాడారు.

గుణుపురం మాస్టారు: పంతులుగారంటే నాకూ గౌరవమే. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా పిల్లల చేత మాట్లాడిస్తాను. కానీ ఆయన అడిగింది పుస్తకాల్లో శిష్టుల వాడుక రావాలని. ఎక్కడ ఎలా మాట్లాడినా ఒకటేనని ఆయన అనలేదు. సవర గిరిజనుల మధ్యకి వెళ్లి సవర భాష నేర్చుకున్న మనిషికి ఎవరితో ఎలా మాట్లాడాలో తెలియదా?

పర్లాకిమిడి అప్ప: అదే నేనూ చెబుతున్నాను. పిల్లలకి రెండూ రావాలి. సంతలో ‘ఏటి’, హెడ్‌మాస్టరు ముందర ‘ఏమిటండీ’. ఒకటి కొట్టేస్తే రెండోది నిలబడదు.

రాయగడ నుంచి: ఆఫీసు సంగతి ఎవరూ చెప్పలేదు. 1954 నుంచి ఇక్కడ ఒడియా అధికార భాష. కౌంటరులో గుమాస్తా తెలుగువాడని తెలిసినా ‘నమస్కార ఆజ్ఞా’ అని ఒడియాలోనే మొదలుపెట్టండి. వెనక వరసలో ఉన్నవాళ్ల ముందు తెలుగులో పలకరిస్తే ఆయనకి ఇబ్బంది, పక్షపాతం అంటారు. ఆయన తెలుగులోకి దిగితే అప్పుడు మీరూ దిగండి.

కొత్తగా వస్తున్నవారు: చాలా థాంక్సండి. ఒక ఇంటి నంబరు దొరికింది, రేపు ఫోన్ చేయాలి. ఏమని మొదలుపెట్టాలి?

పెద్దబజారు పాతకాపు: ‘నమస్కార ఆజ్ఞా, ఘర భడా పాఇఁ ఫోన్ కరుఛి’ (నమస్కారమండి, ఇల్లు అద్దె కోసం ఫోన్ చేస్తున్నాను). తర్వాత ‘ఘర దేఖిబాకు కేబే ఆసిబి?’ (ఇల్లు చూడటానికి ఎప్పుడు రాను?). ఆయన ‘కిఏ కహుఛంతి’ (ఎవరు మాట్లాడుతున్నారు) అంటే పేరు, ఉద్యోగం చెప్పండి. బ్యాంకు అనగానే చాలామంది మెత్తబడతారు. అడ్వాన్సు మాట ఫోనులో ఎత్తకండి, ఇల్లు చూశాక కూర్చుని అడగండి. ఇచ్చేటప్పుడు రసీదు మీద తేదీ, సున్నం ఎవరు వేయించాలన్న మాటా రాయించుకోండి.